ముందు ఎడమ కమాను

పదకొండేళ్ళపాటు, మా చుట్టుపక్కల రోడ్ల మీద ఎక్కడ జీపు బోల్తా పడిందని విన్నా నేను పరుగెత్తేవాణ్ణి. పోయి మనుషులను చూసేవాణ్ణి కాదు. ముందు ఎడమ కమాను చూసేవాణ్ణి. పక్కన ఎవరో మూలుగుతుంటే, ఆడవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, నేను వంగి చక్రం వెనక తల దూర్చి పట్టీలు తడుముకునేవాణ్ణి. అది ఆ జీపు కాదని తెలిశాకనే నా చేతులు మనుషులను ఎత్తడానికి లేచేవి. సిగ్గుతో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషికైతే అసలే చెప్పలేదు.

మాది కల్వకుర్తి. మేము కమ్మరులం. శ్రీశైలం పోయే రోడ్డు పక్కన కొట్టం వేసుకొని మా నాయిన కమాను పని చేసేవాడు. మా తాత నాగళ్ళకు కర్రులు సాగగొట్టాడు. నాయిన కాలానికి కర్రులు తగ్గి బండ్లు పెరిగాయి. కొలిమి అదే, దాకలి అదే, దాని మీదికి వచ్చే ఇనుము మారింది. కమాను అంటే బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట. పొడుగు పట్టీలు పైన, పొట్టివి కింద. అన్నిటికన్నా పైన ఉండేది పెద్దపట్టీ. దాని రెండు కొసలూ చుట్ట తిరిగి ఉంటాయి, బండిని పట్టుకునేది ఆ చుట్టలే. కింది పట్టీ విరిగితే బండి కుంటుతుంది, అంతే. పెద్దపట్టీ విరిగితే ఇరుసు పక్కకు జరుగుతుంది. అప్పుడు స్టీరింగు డ్రైవరు చేతిలోనే ఉంటుంది గానీ బండి మాత్రం తన ఇష్టమొచ్చినట్టు పోతుంది.

నాయిన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే తిట్టినట్టే ఉండేది. చిన్న సుత్తెతో పట్టీని కొట్టి చెవి ఒగ్గి వినడం ఆయన అలవాటు. మంచి పట్టీ ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్నది పగిలిన కుండలా పలుకుతుంది. తాను వంపు ఎక్కించిన ప్రతి పట్టీ లోపలి మొహాన ఉలితో మూడు చుక్కలు, పక్కన ఒక గీత కొట్టేవాడు. కట్ట బిగించాక ఆ గుర్తు ఎవరికీ కనపడదు.

"ఎవలు సూస్తరని కొడ్తవ్ నాయినా?" అని నేను వెక్కిరించేవాణ్ణి.

"ఇప్పేటోడు సూస్తడు" అనేవాడు.

పెద్దపట్టీకి వెల్డింగు పెట్టాలని అడిగినవాణ్ణి కొట్టం మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. అతుకు విరగదు, అతుకు పక్కన విరుగుతుంది. ఆ వేడికి ఉక్కు పెళుసెక్కుతుంది. రేపే పోవచ్చు, ఐదేళ్ళకు పోవచ్చు, పోయే ముందు మాత్రం చెప్పదు. ఇంకో పట్టింపు కూడా ఉండేది. మనిషి ప్రాణం తీసిన బండి పట్టీలను మరో బండికి వేసేవాడు కాదు. "తప్పు చేసిన ఇనుము మల్ల రోడ్డెక్కొద్దు బిడ్డా. దాన్ని ఇంటికో చేనుకో అంపాలె. పని చేసుకుంట చేసుకుంట కడుక్కుంటది" అని కొడవళ్ళు, గొడ్డళ్ళు చేసి పెట్టేవాడు. మా దిక్కు గొల్లల భుజాల మీద ఉన్న గొడ్డళ్ళలో చానా మట్టుకు మా కొలిమిలో పుట్టినవే.

ఎనభైల నడుమ సంగతి ఇది. మా ఊళ్ళో ఒక ముస్లిం డ్రైవరుకు మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మిన పాత జీపు ఉండేది. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్ళం. ఆ జీపు వయసులో నాకంటే పెద్దది. పచ్చరంగు కింద తెల్ల అంకెలు మసకగా కనిపించేవి. బానెట్ ఎడమ పక్కన రూపాయి బిళ్ళంత రంధ్రానికి రేకు అతికి ఉండేది. అది యుద్ధంలో తగిలిన తూటా అని భాయ్ గొప్పగా చెప్పేవాడు. "తూటా కాదు తుప్పు" అని నాయిన తీసిపారేసేవాడు. భాయ్ దానిలో కూలీలను, పెండ్లివాళ్ళను, దవాఖానకు పోయే బాలింతలను ఎక్కించుకొని తిరిగేవాడు. తన పక్క సీట్లో నలుగురిని కుక్కేవాడు. ఆ బరువంతా ముందు ఎడమ కమాను మీద పడేది.

శివరాత్రికి రెండు రోజుల ముందు నాయిన మా మేనత్త ఊరికి దినాలకు పోయాడు. కొట్టం మొదటిసారి నా ఒక్కడి చేతిలో ఉంది. నాకు ఇరవై రెండేళ్ళు. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మరునాడు పొద్దున్నే భాయ్ జీపును ఈడ్చుకుంటూ తెచ్చాడు. ముందు ఎడమ పెద్దపట్టీ చుట్టకు జానెడు ఇవతల ఫట్‌మని విరిగింది.

"రేపు పొద్దుగాల శ్రీశైలం కిరాయి ఉన్నది తమ్మీ. పన్నెండు మంది. మాట ఇచ్చిన. ఎట్లన్న చెయ్యాలె" అన్నాడు.

"పెద్దపట్టీ పోయింది భాయ్. పట్నంకెల్లి తేవాలె."

"మీ నాయిన ఉంటే గిట్ల అనకపోవు."

ఆ మాట నాకు చుర్రుమని తగిలింది. నాయిన ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. 'నడువ్' అని పంపేసేవాడు. అయినా నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "సాయంత్రం రా" అన్నాను. కొట్టం వెనక పాత పట్టీల కుప్ప పైపైన కదిపి చూశాను. ఆ వెడల్పుది దొరకలేదు. గట్టిగా వెతికానా అంటే, లేదు. పక్క దుకాణం వెల్డింగు మిషన్ తీసుకొని ఆ రెండు ముక్కలనూ నేనే అతికాను. అతుకును సాపుగా నూరాను. కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. మాడిన ఆయిల్ రాసి నల్లగా చేశాను. అంతటితో ఆగినా బాగుండేది. అతుకు పక్కనే మూడు చుక్కలు, ఒక గీత కొట్టాను. గీత కొంచెం వంకర పోయింది. ఎవరు చూస్తారులే అనుకొని కట్ట బిగించాను.

"పట్టీ దొరికింది భాయ్. మంచిది" అన్నాను సాయంత్రం.

"అల్లా నిన్ను సల్లగ సూడాలె తమ్మీ" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తగిలినప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

తెల్లారి జీపు మా కొట్టం ముందర నుంచే పోయింది. ముందు సీట్లో ఎడమ కొసకు ఒక ముసలవ్వ కూర్చుంది. ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ మనుమరాలు. ఆ పిల్ల నా దిక్కు చూసి ఊరికే చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. జీపు మలుపు తిరిగాక ఒక్కొక్కటే నా కళ్ళముందుకొచ్చాయి. ఘాట్ రోడ్డు మలుపులు, ఆ లోయలు, ఆ పిల్ల కూర్చున్న సీటు, దాని కింద నా అతుకు. మూడు రోజులు అన్నం సయించలేదు. శివరాత్రి ఉపవాసమని అమ్మ మురిసిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం జీపు తిరిగొచ్చింది. పన్నెండు మందీ దిగారు. ఆ పిల్ల నిద్రపోతూ అవ్వ భుజం మీద ఉంది, విభూతి చెక్కిలంతా పూసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ పొద్దునే నాయిన కూడా ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. భాయ్ దిగి, "నిద్ర లేక సచ్చిన. జీపు ఈడనే పెట్టి పోత, రేపు పట్కపోత" అని చెప్పి ఇంటికి పోయాడు.

నాయిన జీపు చుట్టూ తిరిగి ముందు ఎడమ చక్రం దగ్గర ఆగాడు. చిన్న సుత్తె తీసుకొని పెద్దపట్టీని కొట్టాడు. చెవి ఒగ్గాడు. మళ్ళీ కొట్టాడు. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకొని నిలబడ్డాను.

"ఎవలు చేసిన్రు?" అన్నాడు.

"నేనే."

"పట్టీ ఏడికెల్లి వచ్చింది?"

"మన కుప్పల ఒకటుండె నాయినా."

"ఊఁ" అన్నాడు. సుత్తె జాగాలో పెట్టాడు. "కమాను చుట్టలల్ల ఏసే బుష్‌లు అయిపోయినయ్. పట్నం పొయ్యి పట్కరా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీ చిన్నమ్మ ఇంట్ల పండుకొని రేపు రా."

నేను మరునాడు పొద్దు వాలేటప్పటికి తిరిగొచ్చాను. భాయ్ వచ్చి జీపు తీసుకుపోయాడట. అమ్మ ఆ పూట బెండకాయ వేపుడు చేసింది. ముక్కలు సన్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. కొత్త కత్తిపీట గురించి ఏదో చెబుతూ మురిసిపోతోంది. నా చెవికెక్కలేదు. చెప్పెయ్యాలని బస్సులోనే నిర్ణయించుకొని వచ్చాను. తిన్నాక నాయిన వాకిట్లో మంచం మీద వాలి ఉంటే దగ్గరికి పోయాను.

"నాయినా" అన్నాను.

"ఆఁ, చెప్పు" అని ఆయన వాలినవాడు లేచి నిటారుగా కూర్చున్నాడు.

"బుష్‌లు రెండు రకాలు తెచ్చిన" అన్నాను.

"మంచిగ చేసినవ్" అని ఆయన మళ్ళీ వాలిపోయాడు.

ఆ వారంలోనే భాయ్ బావమరిది దగ్గరికని నందికొండకు మారిపోయాడు. డ్యామ్ చూడవచ్చేవాళ్ళను జీపులో తిప్పుతున్నాడని విన్నాను. ఆరు నెలలు ఓర్చుకొని, ఒక కొత్త పెద్దపట్టీ గోనెసంచిలో చుట్టుకొని బస్సెక్కి పోయాను. ఏదో వంక చెప్పి మార్చేద్దామని నా ఆలోచన. భాయ్ నన్ను చూసి చాయ్ తాగించాడు.

"జీపా? గది అమ్మి రెండు నెలలాయె తమ్మీ. మిర్యాలగూడ దిక్కోడు ఎవడో పట్కపోయిండు. ఏం ఫికర్ పెట్టుకున్నవ్? బంగారమసుంటి బండి!"

ఆ పట్టీని మోసుకొని ఎట్లా పోయానో అట్లా తిరిగొచ్చాను.

అప్పటి నుంచి ఆ జీపు నాతోనే ఉంది. అది ఎక్కడ తిరుగుతుందో తెలియదు, కాబట్టి అన్నిచోట్లా తిరుగుతోంది. దేవరకొండ సంతకు పోయే జీపు అదే అనిపించేది. యాదగిరిగుట్ట మెట్ల కింద పెండ్లివాళ్ళను దింపే జీపు అదే అనిపించేది. పని చేస్తుంటే రోడ్డు మీద కమాను కిర్రుమన్న చప్పుడు వినిపిస్తే సమ్మెట పైకెత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయేది. ఆ పిల్ల ఏ ఏటికాయేడు నా కళ్ళముందు పెరిగింది. ఇప్పుడు బడికి పోతుంటుంది, ఇప్పుడు ఓణీ వేసి ఉంటుంది అని లెక్కలు. ఎప్పుడు కనిపించినా ఆ సీట్లోనే కూర్చొని చెయ్యి ఊపేది. పెండ్లయ్యాక నా భార్య కొన్నాళ్ళు చూసి, "దయ్యం గిన పట్టిందా ఏంది నీకు?" అంది. పట్టింది. కాకపోతే చచ్చినవాళ్ళ దయ్యం కాదు, ఇంకా చావనివాళ్ళది.

డిండి దాటాక ఒక జీపు కాలువలోకి దొర్లిందని ఒకసారి లారీవాళ్ళు చెప్పారు. అటు పోయే లారీ ఎక్కి పోయాను. పచ్చ జీపే. మోకాళ్ళ మీద పడి ముందు ఎడమ చక్రం దగ్గరికి పాకాను. అక్కడ పడి ఉన్న ఒకాయన నా కాలు పట్టుకున్నాడు. "నీళ్ళు" అన్నాడు. నేను కాలు విదిలించుకున్నాను. అవును, విదిలించుకున్నాను. కమాను చూశాను. అది వేరే జీపు. అప్పుడు పోయి దోసిలితో నీళ్ళు తెచ్చి ఆయన నోట్లో పోశాను. ఆయన బతికాడు, తర్వాత మా కొట్టానికి వచ్చి దండం కూడా పెట్టాడు. ఆ దండం నాకు చెప్పుదెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

తొంభైల మొదట్లో నాయినకు ఊపిరితిత్తులు చెడ్డాయి. కొలిమి పొగ ఊరికే పోతుందా! మహబూబ్‌నగర్ దవాఖానలో పద్దెనిమిది రోజులున్నాడు. ఒక మధ్యాహ్నం మందు ఇచ్చి మంచం పక్కన కూర్చున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అన్నాడు.

ఇంటి సంగతులు అడుగుతున్నాడనుకున్నాను. "ఏం లేదు నాయినా. నువ్వేం ఫికర్ చెయ్యకు. అంత మంచిగనే ఉన్నది" అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులకు పోయాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళకు నల్లగొండలో ఒక పాత ఇనుప సామాన్ల జాగాకు పోయాను. పాత పట్టీలు ఏరుకోవడానికి అక్కడికి ఏడాదికి రెండుసార్లు పోతాను. గోడ పక్కన తుమ్మచెట్టు కింద ఒక జీపు చక్రాలు లేకుండా బండరాళ్ళ మీద కూర్చొని ఉంది. నీలిరంగు పెచ్చులు లేచి, దాని కింద పచ్చ, దాని కింద తెల్ల అంకెలు. బానెట్ ఎడమ పక్కన రూపాయి బిళ్ళంత రేకు అతుకు.

"గీ జీపు ఏడికెల్లి వచ్చింది సాబ్?" అని యజమానిని అడిగాను.

"నడిచి నడిచి ఇంజిన్ సచ్చింది. అందుకే తెచ్చి పడేసిన్రు."

"ఎన్నడన్న పడ్డదా? ఎవలన్న సచ్చిన్రా దీంట్ల?"

ఆయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "గీ ముసల్దానికి పడేంత జోరు ఏడిది? మూలకు పడి సచ్చింది, అంతే" అన్నాడు.

పానా అడిగి తీసుకున్నాను. బోల్టులు తుప్పుతో కరుచుకుపోయాయి. ఉలి పెట్టి కొట్టి కొట్టి విప్పాను. కట్ట ఊడింది. పెద్దపట్టీ తీసి చొక్కాతో తుడిచాను. జానెడు ఇవతల వేలు పెట్టి చూశాను. అతుకు లేదు. తిప్పి మళ్ళీ చూశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఉక్కు. లోపలి మొహాన మూడు చుక్కలు, పక్కన తిన్నని గీత. నాయిన చెయ్యి.

ఇనుప కుప్ప మీద కూర్చొని నవ్వాను. నా వల్ల ఎవరూ చావలేదు. ఆ పిల్ల ఏనాడూ నా అతుకు మీద రెండోసారి కూర్చోలేదు. పట్నం ఎందుకు పంపాడో అప్పుడు గానీ నా మొద్దు బుర్రకు వెలగలేదు. నేను వెతకని కుప్ప అడుగు నుంచి ఆయన పట్టీ తీసి ఉంటాడు. వంపు ఎక్కించి, మార్చి, భాయ్‌కి కూడా చెప్పకుండా నా పరువు కాపాడి ఉంటాడు. నవ్వు అయిపోయాక కోపం వచ్చింది. ఇంటికొచ్చే బస్సులో దారి పొడుగునా చచ్చిపోయిన మనిషిని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్క మాట! 'పట్టీ మార్చిన బిడ్డా' అని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? ఏడేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికి, నేను నిద్రలో ఉలిక్కిపడటం చూస్తూ, ఎట్లా ఊరుకున్నావు ముసలోడా?

ఇంటికి వచ్చేసరికి నా భార్య వంటింట్లో కత్తిపీట ముందర కూర్చొని సొరకాయ కోస్తోంది. అమ్మ గడప దగ్గర బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, శివరాత్రి అయినంక నాయిన నన్ను పట్నం తోలిండు సూడు, గా దినం ఆయన ఏం చేసిండు?"

అమ్మ చాట ఆపి ఆలోచించింది. "గా దినమా? పొద్దుమూకేదాక కొలిమి కాడనే ఉన్నడు. బువ్వకు సుత రాలే. మూకినంక నాకు గీ కత్తిపీట చేసి తెచ్చిచ్చిండు. తప్పు చేసిన ఇనుము, ఇంట్లనే ఉంచు అన్నడు. ఏం తప్పు చేసిందంటే చెప్పకపాయె."

నేను నా భార్యను లేవమన్నాను. మా ఇళ్ళల్లో మగవాడు కత్తిపీట మీద కూర్చోడు. కూర్చుంటే పదిమందీ నవ్వుతారు. పదకొండేళ్ళుగా దాని పక్కనే మసిలాను, దాని మీద తెగిన కూర రెండు పూటలా తిన్నాను, ఒక్కనాడు వంగి చూడలేదు. పీట మీద కూర్చున్నాను. కత్తి చెక్కలోకి దిగే చోట అడ్డంగా వేరే రంగు గీత ఉంది. నా అతుకు. దాని పక్కనే మూడు చుక్కలు, ఒక వంకర గీత.

"గా మచ్చనా?" అంది నా భార్య. "నేను కాపురానికొచ్చిన సంది సూస్తున్న. కోసేటప్పుడు నా ఏలు ఆడనే ఆనుతది."

"రాయితోని రుద్ది తీస్తనంటే మీ నాయిన వద్దన్నడు" అంది అమ్మ. "ఉండనియ్యి, సూసేటోడు సూస్తడు, సూసిననాడు వానంతట వాడే నాకొచ్చి చెప్తడు అన్నడు. నాకేమెరుక, నీకు తెలుసనుకున్న."

"అది నేను పెట్టిన అతుకే అమ్మా" అన్నాను. "నేను అబద్ధం చెప్పిన."

అమ్మ నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. "గా ముచ్చట ఆయనకు చెప్పాలె గద బిడ్డా" అంది. "నాకు చెప్తే ఏమున్నది?"

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఆ చుక్కలు కనపడకుండా పోయాయి. నా భార్య సగం కోసిన సొరకాయ చేతిలో పట్టుకొని నిలబడి ఉంది.

"జర జరుగు" అంది మెల్లగా. "ఎసరు మరుగుతాంది."

నేను లేచాను. ఆమె కూర్చొని, అతుకు మీద వేలు ఆనించి, మిగిలిన కాయ కోసింది.